ఫెరారా దర్బారులో నిషిద్ధ ప్రేమ: నవలలో ముప్పు కనిపించాలంటే

మీ ప్రశ్న సారాంశం ఇది. ఇటలీలోని ఫెరారా నగర రాజ్యపు కోడలు లుక్రేజియా బోర్జియాకూ కవి పియెత్రో బెంబోకూ మధ్య 1503లో నడిచిన ప్రేమను తీసుకుని తెలుగులో చారిత్రక నవల మొదలుపెట్టారు. చాలా పేజీలు అయ్యాయి. చదివిన మిత్రులు వర్ణనలు బాగున్నాయన్నారు గానీ, ఆ ప్రేమకు ముప్పు ఉందని ఎక్కడా అనిపించలేదన్నారు. లోపం ఎక్కడుంది, చరిత్రను ఎంతవరకు మార్చవచ్చు, సంభాషణలు ఎలాంటి తెలుగులో రాయాలి అని అడిగారు. చారిత్రక నవలల రాతప్రతులు చదివి సరిదిద్దే పనిలో చాలాకాలంగా ఉన్నాను. ఫెరారా చరిత్ర అంటే ప్రత్యేకమైన అభిమానం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు పంపిన కథాసంగ్రహంలో భర్త అల్ఫోన్సో కఠినుడు, బెంబో సున్నిత మనస్కుడు, లోకం వాళ్లిద్దరినీ విడదీసింది. ఇబ్బంది ఇక్కడే ఉంది. లోకం అనే పాత్ర నవలలో ఏమీ చేయలేదు. ఏ ప్రేమనైనా ఒక మనిషి నిషేధిస్తాడు, ఒక లెక్క కోసం నిషేధిస్తాడు, మీరితే ఒకరి చేత మూల్యం చెల్లింపజేస్తాడు. ఆ మనిషి ఎవరు, ఆ లెక్క ఏమిటి, చివరికి చెల్లించింది ఎవరు అనే మూడు సంగతులూ తేలేదాకా పాఠకుడికి భయం పుట్టదు. ఫెరారా విషయంలో ఈ మూడింటికీ జవాబులు పత్రాల్లోనే దొరుకుతాయి.

ముందు నిషేధం సంగతి. 1425 మే 21న ఫెరారా కోటలో ఇద్దరికి శిరచ్ఛేదం జరిగింది. ఒకరు పరిసీనా మలతెస్తా, ఆ నగర పాలకుడు మూడవ నిక్కొలో దెస్తే భార్య. రెండో వ్యక్తి ఊగో, నిక్కొలో సొంత కొడుకు. పెళ్లినాటికి పరిసీనాకు పద్నాలుగేళ్లు, భర్త ఆమె కంటే ఇరవై ఏళ్లకు పైగా పెద్ద. సవతి కొడుకు ఊగో ఆమె కంటే ఒక ఏడాది చిన్నవాడు. ఇద్దరూ ప్రేమలో పడ్డారు, పట్టుబడ్డారు, చనిపోయారు. ఇక శిక్ష వేసిన నిక్కొలో సంగతి చూడండి. పో నదికి ఇటూ అటూ ఉన్న వాళ్లందరూ నిక్కొలో బిడ్డలేనని జనం సామెతగా చెప్పుకునేవారు. ఊగో కూడా ఉంపుడుగత్తె స్టెల్లా కొడుకే. ఆమెకే పుట్టిన మరో కొడుకు లియొనెల్లో 1441లో తండ్రి తరువాత పాలకుడయ్యాడు. అతని తరువాత వచ్చిన బొర్సో కూడా వివాహేతర సంతానమే.

అంటే ఫెరారాను ఏలిన ఈ ఎస్తే వంశంలో పెళ్లి బయటి ప్రేమ నిషిద్ధం కాదు. పెళ్లి బయట పుట్టడం గద్దెకు అడ్డూ కాదు. పాలకుడి భార్య శరీరం మీద మాత్రమే కాపలా ఉండేది. ఆమె గర్భంతో వారసత్వం, ఆమె కట్నంతో ఖజానా, ఆమె పుట్టింటితో సైనిక పొత్తు ముడిపడి ఉండేవి. ఈ తేడా మీ నవలలో ఎక్కడో ఒకచోట గట్టిగా తగలాలి. ఇంకొక సంగతి కూడా ఉపయోగపడుతుంది. బర్తొలొమియో ట్రొంబొంచీనో అనే గొప్ప సంగీతకారుడు 1499లో భార్యను మరొకరితో చూసి చంపేశాడు. శిక్ష పడలేదు. కొన్నేళ్ల తరువాత లుక్రేజియా కొలువులోనే చేరి ఆమె సమక్షంలో ప్రేమగీతాలకు స్వరాలు కట్టాడు. ఆ పాటలు వింటూ కూర్చున్న స్త్రీ మనసులో ఏం జరిగి ఉంటుందో రాయగలిగితే, మీ మిత్రులు వెతుకుతున్న ముప్పు అక్కడే దొరుకుతుంది.

లుక్రేజియా 1502 ఫిబ్రవరి 2న ఫెరారాలో అడుగుపెట్టింది. వయసు ఇరవై ఒకటి, అది మూడో పెళ్లి. తండ్రి ఆరవ అలెగ్జాండర్ పోపు, లక్ష డ్యూకట్ల (బంగారు నాణేల) రొక్కం కట్నంగా ఇచ్చాడు. మామగారు, ఫెరారా డ్యూక్ మొదటి ఎర్కోలే, ఆ డబ్బు తీసుకుని, కోడలి ఇంటి ఖర్చు దగ్గర మాత్రం బేరం పెట్టాడు. ఆమె ఏటా 12,000 డ్యూకట్లు కావాలంది, ఆయన 8,000 అన్నాడు. వెంట వచ్చిన స్పెయిన్ పరిజనంలో చాలామందిని వెనక్కి పంపేశారు. మీ నవల ఊరేగింపుతో మొదలవుతోంది. ఊరేగింపును ప్రతి నవలా రాస్తుంది. కట్నం లెక్కపెట్టి పుచ్చుకున్న మామ, కోడలి ఇంటి ఖర్చు దగ్గర చేయి బిగించిన గదిలో మొదలుపెడితే ఆమె ఒంటరితనం పాఠకుడికి ఒక్క పేజీలో అర్థమవుతుంది.

ఆ ఏడాది సెప్టెంబరులో ఆమెకు మృతశిశువు పుట్టింది. అదే శరత్తులో బెంబో వెనిస్ నుంచి వచ్చి, ఫెరారాకు తూర్పున చిత్తడి నేలల మధ్య ఒస్తెల్లాతోలో స్నేహితుడి ఇంట్లో దిగాడు. ఆ స్నేహితుడి పేరు ఎర్కోలే స్ట్రొజ్జి. కవి, ఒక కాలు కుంటి, ఫెరారాలో పలుకుబడి ఉన్న కుటుంబం. ఈ మనిషిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

1503 వేసవిలో ఉత్తరాలు వేడెక్కాయి. మిలాన్‌లోని అంబ్రోసియానా గ్రంథాలయంలో లుక్రేజియా చేతిరాత ఉత్తరాలు ఈనాటికీ ఉన్నాయి, వాటితోపాటు ఆమె రాగిబంగారు జుట్టు పాయ ఒకటి గాజు పేటికలో ఉంది. 1816లో అక్కడికి వెళ్లిన కవి బైరన్ ఆ పాయలోంచి ఒక వెంట్రుక తీసుకున్నాడు. మీరు ఆ జుట్టు గురించి రెండు పేజీలు రాశారు. దాని కంటే ఉత్తరాలకు ఎక్కువ చోటివ్వండి. 1503 జూన్ 24 నాటి ఉత్తరంలో ఆమె బెంబో మనసు అనే స్ఫటికాన్ని గురించీ తన స్ఫటికాన్ని గురించీ మాట్లాడి, రెండింటికీ ఉన్న పోలిక ఏ కాలంలోనూ మరి దేనికీ ఉండి ఉండదంటుంది. వెంటనే, ఇకమీదట తన పేరు ‘ఎఫ్. ఎఫ్.’ అని చెబుతుంది. ఒకే ఊపిరిలో మనసు విప్పడం, పేరు దాచడం రెండూ జరిగాయి. ఈ రెండు కదలికలూ కలిసి ఉన్న దృశ్యం మీ రాతప్రతిలో లేదు.

ఆ ఉత్తరం ఫెరారా కోట నుంచి ఒస్తెల్లాతో దాకా తనంతట తాను నడిచి వెళ్లలేదు. కోటలో పాలకుడి భార్య పడకగది కూడా ఒంటరి చోటు కాదు. దాసీలు, పరిచారికలు, పురోహితుడు, వైద్యుడు, రాయబారుల గూఢచారులు ఎప్పుడూ చుట్టూ ఉంటారు. ఆమె ఆడబిడ్డ ఇసబెల్లా దెస్తే, మాంటువా పాలకుడైన మార్క్విస్ భార్య, కొత్త మరదలి కదలికలన్నీ రాసి పంపడానికి ప్రత్యేకంగా మనిషిని పెట్టింది. పెళ్లి ప్రయాణంలో లుక్రేజియా ఇమొలాలో ఒక రోజు ఆగిపోయింది. ఎనిమిది రోజులుగా తలస్నానం చేయలేదనీ, అందువల్ల తలనొప్పి వస్తోందనీ చెప్పిందని ఆమెను తీసుకువస్తున్న ఫెరారా దూతలు డ్యూక్‌కు ఉత్తరం రాశారు. ఒక యువతి తల కడుక్కోవడం రాజ్య వ్యవహారంగా కాగితమెక్కిన చోటు అది. మీ నాయికా నాయకులు తోటలో గంటల తరబడి ఏకాంతంగా తిరుగుతున్నారు. అలాంటి తోట ఫెరారాలో లేదు. ప్రతి కలయికకూ ఒక సాకు, ఒక సాక్షి, ఒక కాపలా రాయండి. అప్పుడు ఒక చూపు కూడా బరువెక్కుతుంది. ఆగస్టులో బెంబో జ్వరంతో పడి ఉండగా లుక్రేజియా స్వయంగా చూడడానికి వెళ్లింది. ఆ సందర్శన ఎంత తెగువో పాఠకుడికి తెలియాలంటే, అంతకుముందు వంద పేజీల్లో ఆమె గడప దాటడం ఎంత కష్టమో తెలిసి ఉండాలి.

ఆ తరువాత వారంలోనే కథ తలకిందులైంది. ఆగస్టు 18న పోపు చనిపోయాడు. ఫెరారాకు కోడలి విలువ ఒక్కరోజులో పడిపోయింది. ఆ పెళ్లి ఫెరారాకు ఎన్నడూ ఇష్టం లేదని తనకు తెలుసని ఫ్రాన్స్ రాజు ఫెరారా రాయబారితోనే అన్నాడు. అల్ఫోన్సో వల్ల ఆమెకు అప్పటికి బతికిన బిడ్డ లేదు. పెళ్లి రద్దు చేసుకోదలిస్తే దారి ఉంది, ఒక ప్రేమలేఖ బయటపడితే ఆ దారి మరింత సులువవుతుంది. అంతకుముందు వరకు ఆ ప్రేమ గౌరవానికి సంబంధించినది, ఆ రోజు నుంచి ఆమె ఉనికికి సంబంధించినది. మీ నవలకు ఇరుసు ఇదే. పోపు మరణాన్ని మీరు ఒక్క పేరాలో దాటేశారు. అక్కడ కనీసం ఒక అధ్యాయం కావాలి. డిసెంబరు చివర తమ్ముడు కార్లో చనిపోవడంతో బెంబో వెనిస్ వెళ్లిపోయాడు. ప్రేమ మీద రాసిన సంభాషణల పుస్తకాన్ని ఆమెకు అంకితమిచ్చాడు. అది 1505లో వెనిస్‌లో ఆల్దుస్ ముద్రణాలయంలో అచ్చయింది. 1539లో కార్డినల్ కూడా అయ్యాడు. అంటే మీ నాయకుడు ఏ మూల్యమూ చెల్లించకుండా బయటపడ్డాడు. ఇది చేదుగా ఉన్నా నిజం, దాన్ని దాచవద్దు.

చెల్లించినవాడు స్ట్రొజ్జి. కొన్నేళ్ల తరువాత లుక్రేజియాకూ మాంటువా మార్క్విస్ ఫ్రాంచెస్కో గొంజాగాకూ మధ్య, అంటే ఇసబెల్లా భర్తకే, ఉత్తరాలు మోసింది స్ట్రొజ్జి. మారుపేర్లతో నడిపాడు. ఉత్తరాల్లో ఫ్రాంచెస్కో పేరు గ్వీదో, అల్ఫోన్సో పేరు కామీల్లో, లుక్రేజియా పేరు బార్బరా. స్ట్రొజ్జి భార్య పేరు కూడా బార్బరానే, బార్బరా తొరెల్లి. ఆమె మొదటి భర్త బెంతివోల్యో వంశస్థుడు, ఆ వంశానికి స్ట్రొజ్జి మీద ఆస్తి తగాదాలతో పగ ఉంది. 1508 జూన్ 6 ఉదయం ఫెరారా వీధిలో స్ట్రొజ్జి శవం దొరికింది, ఒంటి మీద 22 కత్తిపోట్లు. భార్య అప్పుడే ప్రసవించింది. హంతకుడికి ఎన్నడూ శిక్ష పడలేదు. తన నగరం నడిబొడ్డున తన కొలువులోని కవిని చంపితే డ్యూక్ అల్ఫోన్సో పట్టించుకోలేదు. ఆ మౌనం మీద ఐదు వందల ఏళ్లుగా చర్చ జరుగుతోంది. మీరు నవలాకారులు కాబట్టి ఒక సమాధానం ఎంచుకునే హక్కు మీకుంది.

నన్నడిగితే, మీ నవల దృష్టికోణాన్ని స్ట్రొజ్జికి ఇచ్చేయండి. అతను కవి. తన కంటే పెద్ద కవి ప్రేమనూ, తన కంటే పెద్ద ప్రభువు ప్రేమనూ జేబులో పెట్టుకుని వంతెనలు దాటినవాడు. ఇద్దరు ప్రేమికుల మధ్య ఉన్న దూరమంతా అతని కుంటి కాలు కొలిచింది. ప్రేమికుల లోపలి నుంచి రాస్తే మీకు ఉద్వేగం మాత్రమే దొరుకుతుంది. మోసేవాడి లోపలి నుంచి రాస్తే ఉద్వేగమూ, ఆశా, ఈర్ష్యా, భయమూ అన్నీ దొరుకుతాయి. లుక్రేజియా, బెంబోల మధ్య ఎంత దూరం వెళ్లిందో తేల్చవలసిన అవసరం కూడా తప్పుతుంది. శారీరక సంబంధాన్ని నిరూపించే కాగితం ఏదీ లేదు, మోసేవాడికి ఉత్తరం బయటి ముద్ర మాత్రమే తెలుసు.

ఉపకథ కోసం బయట వెతకనక్కరలేదు. లుక్రేజియా బంధువూ పరిచారికా అయిన ఆంజెలా బోర్జియా వెంట అల్ఫోన్సో తమ్ముళ్లిద్దరు పడ్డారు. ఒకరు కార్డినల్ ఇప్పొలీతో, రెండోవాడు సవతి తమ్ముడు జూలియో. ఇప్పొలీతో మొత్తం మనిషి కంటే జూలియో కళ్లే ఎక్కువ విలువైనవని ఆంజెలా అంది. 1505 నవంబరు 3న ఇప్పొలీతో మనుషులు జూలియోను దారికాచి కళ్లలో పొడిచారు. ఒక కన్ను పోయింది, రెండోది దెబ్బతింది. ఇప్పొలీతోకు తగిన శిక్ష పడలేదు. మరుసటి ఏడాది జూలియో మరో అన్న ఫెర్రాంతేతో కలిసి కుట్ర పన్ని దొరికిపోయాడు. శిరచ్ఛేదం ఖాయమైంది, వధ్యస్థలం దాకా తీసుకెళ్లాక యావజ్జీవ ఖైదుగా మార్చారు. ఫెర్రాంతే 1540లో ఫెరారా కోట చెరలోనే పోయాడు. జూలియో 1559లో, 53 ఏళ్ల తరువాత, ఎనభై దాటిన వయసులో బయటికి వచ్చాడు. యాభై ఏళ్ల నాటి ఫ్యాషన్ దుస్తుల్లోనే వీధిలోకి నడిచాడని చెబుతారు. ఇప్పొలీతో కొలువులో ఉన్న మహాకవి అరియోస్తో ఆ కుట్ర మీద గీతం రాసి అన్నదమ్ములను నిందించాడు, ఉద్యోగం అలాంటిది. ఇంత బలమైన సామగ్రి ఉండగా మీరు కల్పించిన విషప్రయోగం అధ్యాయం అవసరం లేదు. బోర్జియా పేరు వినగానే విషం గుర్తుకు రావడం శత్రువులు అంటించిన అలవాటు, ఫెరారాలో ఆమె జీవితంలో దానికి ఆధారం లేదు.

అల్ఫోన్సోను కూడా మళ్లీ రాయండి. ఆయనకు ఫిరంగుల పోత అంటే పిచ్చి, స్వయంగా కొలిమి దగ్గర నిలబడేవాడు, మట్టిపాత్రలు చేసేవాడు. మాట తక్కువ. 1519 జూన్ 24న, ఆడపిల్లను ప్రసవించిన పది రోజులకు, ముప్పై తొమ్మిదేళ్ల వయసులో లుక్రేజియా చనిపోతే, కన్నీళ్లు రాకుండా ఈ మాట రాయలేకపోతున్నానని మేనల్లుడికి ఉత్తరం రాశాడు. స్ట్రొజ్జి హత్య గురించి నోరు విప్పనివాడూ, ఈ ఉత్తరం రాసినవాడూ ఒకే మనిషి. అతణ్ని కఠినుడు అనే ఒక్క మాటలో బంధిస్తే మీ చేతిలోని అతి మంచి పాత్ర వృథా అవుతుంది.

చరిత్రను ఎంత మార్చవచ్చు అంటే, పత్రంలో తేదీ ఉన్నదాన్ని కదపకండి, పత్రం మాట్లాడని చోట ధైర్యంగా మాట్లాడండి. ముఖ్యంగా మరణాల వరుస మారితే కారణాలు కూలిపోతాయి. చిన్న వివరాల్లో మీ రాతప్రతిలో కొన్ని సవరించాలి. విందులో టమాటా, మిరపకాయ ఉన్నాయి. 1503 ఫెరారా బల్ల మీద అవి లేవు. మిరియాలు, దాల్చినచెక్క, చక్కెర విరివిగా ఉండేవి, అవి సంపద చిహ్నాలు. గంటలు అర్ధరాత్రి నుంచి కాదు, సూర్యాస్తమయం నుంచి లెక్కపెట్టేవారు. కాబట్టి ‘రెండో గంటకు రా’ అని చీటీ వస్తే అది చీకటి పడ్డాక రెండు గంటలు. దొంగతనంగా కలుసుకునే వాళ్లకు ఇది చాలా పనికొచ్చే లెక్క. వెనిస్‌లో సంవత్సరం మార్చి 1న మొదలయ్యేది, ఉత్తరాల తేదీలు చూసేటప్పుడు జాగ్రత్త. ఎస్తేలు 1598లో ఫెరారాను పోపుకు వదులుకుని మొదెనా వెళ్లిపోయారు, వాళ్ల దస్తావేజులు అక్కడి ప్రభుత్వ భాండాగారంలోనే ఉన్నాయి. లుక్రేజియా బట్టల, నగల జాబితా కూడా వాటిలో ఉంది. ఆ జాబితా అచ్చు ప్రతులు చదివితే దుస్తుల వర్ణన ఊహించే పని ఉండదు.

తెలుగు పాఠకుడిని దగ్గర చేయడానికి ఏదైనా వంతెన ఉందా అన్నారు. బలవంతంగా కట్టవద్దు, నిజంగా ఉన్నది ఒకటి చెబుతాను. ఫెరారాలో స్కిఫనోయా భవనం గోడల మీద 1470 ప్రాంతంలో పన్నెండు నెలల చిత్రాలు వేశారు. మార్చి నెల దగ్గర చిరిగిన తెల్లబట్టతో, నడుముకు తాడు కట్టుకుని ఒక నల్లని మనిషి నిలబడి ఉంటాడు. శతాబ్దాల తరబడి అతనెవరో ఎవరూ చెప్పలేదు. 1912లో ఆబీ వార్‌బుర్గ్ అనే కళాచరిత్రకారుడు తేల్చాడు: వరాహమిహిరుడు చెప్పిన మేషరాశి మొదటి ద్రేక్కాణ (రాశిలో మూడోవంతు) పురుషుడు, తెల్లబట్ట కట్టిన ఎర్రకళ్ల నల్లనివాడు, బాగ్దాద్ జ్యోతిష్కుల అరబ్బీ గ్రంథాల మీదుగా ఇటలీ చేరాడని. మన పంచాంగకర్తలకు తెలిసిన ద్రేక్కాణం లుక్రేజియా కాలపు ఫెరారా గోడ మీద ఉంది. ఒక దృశ్యం అక్కడ పెట్టండి, వివరణ మాత్రం ఇవ్వకండి, తెలిసిన పాఠకుడు తానే పట్టుకుంటాడు. ఆమె రోజుల్లోనే పక్క ఊరు బొలోన్యా మనిషి వర్తేమా విజయనగరం చూసి వెళ్లి, 1510లో రోములో ఆ వృత్తాంతం అచ్చువేయించాడు. అది చివరి అధ్యాయాల్లో దర్బారు కబుర్లలో ఒక వాక్యంగా రావచ్చు, అంతకు మించి వద్దు.

సంభాషణల విషయంలో మీ ఇబ్బంది నాకు అర్థమైంది. తెలుగులో రాజాస్థానం అనగానే కాకతీయ, విజయనగర నవలల భాష వచ్చి కూర్చుంటుంది. మీ ఎర్కోలే ‘మహారాణీ, తమ ఆజ్ఞ’ అంటున్నాడు. ఫెరారా ఒక చిన్న నగర రాజ్యం, డబ్బు లెక్కలు చూసుకునే ఇల్లు. మామూలు శిష్టవ్యావహారికంలో, పొడి వాక్యాల్లో రాయండి. మామా కోడళ్ల మధ్య ‘అమ్మాయీ’, ‘మామగారూ’ సహజంగా ఉంటాయి. లుక్రేజియా, బెంబో చివరిదాకా ‘మీరు’ అనే అనుకోవాలి. అల్ఫోన్సో భార్యను ‘నువ్వు’ అంటాడు, ఆమె ‘మీరు’ అంటుంది. ఎర్కోలేలు ముగ్గురున్నారు, మామ, స్ట్రొజ్జి, 1508లో పుట్టిన కొడుకు. మామను ‘పెద్ద డ్యూక్’ అనీ, కవిని ఎప్పుడూ స్ట్రొజ్జి అనీ రాసి ఆ తికమక తప్పించండి.

ఇక ముగింపు. మీరు లుక్రేజియా మరణంతో ఆపాలనుకుంటున్నారు. దృష్టికోణం స్ట్రొజ్జిదైతే 1508 జూన్‌లో ఆగక తప్పదు. ఆ తరువాత ఒక్క చిన్న అధ్యాయం బార్బరా తొరెల్లిది కావాలి, ఎందుకంటే పసిబిడ్డతో మిగిలింది ఆమె, హంతకుణ్ని పట్టుకోమని అడగవలసింది ఆమె, అడిగినా వినని డ్యూక్ ఉన్న ఊళ్లో ఉండాలా వద్దా అని తేల్చుకోవలసింది కూడా ఆమే. కట్నం బేరం అధ్యాయం, పోపు మరణం అధ్యాయం ముందు తిరగరాసి, వాటిని ఇక్కడే పెట్టండి. చదివి, వాక్యం వాక్యం చూసి చెబుతాను.